వేటకూ ఒక వేళ, ఒక హద్దు

దివ్య ఖుర్ఆన్‌లో కుక్క ప్రస్తావన ఎక్కడుందని అడిగితే మనలో చాలామందికి గుహవాసుల గాథ గుర్తుకొస్తుంది. గుహ వాకిట ముందుకాళ్లు చాచుకుని పడుకున్న ఆ విశ్వాసపాత్రమైన జీవి కథ మన పిల్లలకు కూడా తెలుసు. అయితే అదే గ్రంథంలో వేటకుక్క ప్రస్తావన కూడా ఉందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. సూరా మాయిదా నాల్గవ ఆయతులో ధర్మసమ్మతమైన ఆహారం గురించి చెబుతూ, తర్ఫీదు పొందిన వేటజంతువులు మీకోసం పట్టి తెచ్చినది తినవచ్చునని అనుమతి ఇవ్వడం జరిగింది. పైగా ఆ జంతువులకు మీరు నేర్పే విద్య అల్లాహ్ మీకు నేర్పిన విద్యలోనిదేనని కూడా అక్కడే చెప్పడం జరిగింది. వేటకు తర్ఫీదు ఇచ్చేవారిని సూచించడానికి ఆ ఆయతులో వాడిన 'ముకల్లిబీన్' అనే మాట, అరబీలో కుక్కను సూచించే 'కల్బ్' అనే ధాతువు నుంచే వచ్చింది.

మన ఇళ్లలో కుక్క అనగానే ముఖం చిట్లించుకోవడం మామూలే. దాని చొంగ అపరిశుభ్రమని ఉలమాలలో అత్యధికులు చెప్పారు కాబట్టి శుభ్రత విషయంలో జాగ్రత్తపడటం సబబే. అయితే శుభ్రత వేరు, అసహ్యం వేరు. దాహంతో నాలుక చాచి రొప్పుతున్న కుక్కకు బావిలోంచి నీళ్లు తోడి తాగించిన వ్యక్తి పాపాలను అల్లాహ్ మన్నించాడని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. వేట, పశువుల కాపలా, పొలం కాపలా లాంటి అవసరాలకు కుక్కను ఉంచుకోవచ్చుననీ, ఏ అవసరమూ లేకుండా ఉంచుకుంటే పుణ్యంలో ప్రతిరోజూ కొంత తరుగుతుందనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. అనుమతీ హద్దూ రెండూ ఒకే మాటలో ఉన్నాయన్నమాట. కుక్కలతో వేట గురించి మన ధర్మం చెప్పిన ప్రతి విషయంలోనూ ఈ జంట కనిపిస్తుంది. ఆ హద్దుల్లో ముఖ్యమైనది సమయం. ఎప్పుడు వెళ్లాలి, ఎంతసేపు వెళ్లాలి, వెళ్లినచోట ఏది మరచిపోకూడదు అనే విషయాలను ఈ వారం పరిశీలిద్దాం.

హాతిం కుమారుడి ప్రశ్న

హాతిం తాయీ పేరు వినని ముస్లిం కుటుంబం ఉండదు. దానశీలతకు పేరుమోసిన ఆ తయ్ తెగ నాయకుడి కుమారుడే హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి). ఆయన ఇస్లాం స్వీకరించి సహాబీ అయ్యారు. తమ తెగవారికి వేట అలవాటు కావడంతో దైవప్రవక్త (స) వద్ద కుక్కలతో వేట సంగతి ప్రస్తావించి, సందేహాలు అడిగి తీర్చుకున్నారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ ఉల్లేఖనమే కుక్కలతో వేటకు సంబంధించిన ధర్మశాస్త్రానికి పునాది.

అందులోని సారాంశం ఇది: కుక్క తర్ఫీదు పొందినదై ఉండాలి. దాన్ని వదిలేటప్పుడు అల్లాహ్ పేరు ఉచ్చరించాలి. అది వేటను పట్టి యజమాని కోసం అట్టే ఉంచితే ఆ వేట హలాల్. అందులోంచి తానే తినేస్తే మాత్రం మనం తినకూడదు. ఎందుకంటే అప్పుడది పట్టుకున్నది తన ఆకలి కోసమే అయి ఉండవచ్చు. వేట దగ్గర మన కుక్కతో పాటు మరో కుక్క కూడా కనబడితే, చంపినది ఏదో తెలియకపోతే, అప్పుడు కూడా తినకూడదు. మనం బిస్మిల్లాహ్ పలికింది మన కుక్కను వదిలేటప్పుడే కాని ఆ రెండోదాన్ని వదిలేటప్పుడు కాదు కదా! వేట ప్రాణంతో చిక్కితే జబహ్ చేయాలి.

ఈ నియమాల్లో ఉన్న లోతు చూడండి. కుక్క వేగం గురించి గాని, బలం గురించి గాని ఒక్క మాట లేదు. అడిగినదల్లా నిగ్రహమే. ఆకలితో ఉన్న జంతువు, నోటికి అందిన మాంసాన్ని యజమాని వచ్చేదాకా ముట్టకుండా ఉండాలి. హనఫీ ఫఖీహ్‌లు దీన్నే తర్ఫీదుకు గీటురాయిగా తీసుకున్నారు. వరుసగా మూడుసార్లు వేటను పట్టి తినకుండా వదిలితే ఆ కుక్క విద్య నేర్చినట్టేనని ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్‌లు అభిప్రాయపడ్డారు. కుక్కకే ఇంత నిగ్రహం కావాలంటే దాన్ని వదిలే మనిషికి ఎంత కావాలి?

సుహైల్ చుక్క పొడిచాక

అరబ్బు ఎడారుల్లో బద్దూలు తరతరాలుగా వేటకు వాడిన కుక్క సలూకీ. సన్నని నడుము, లోతైన రొమ్ము, పొడవాటి కాళ్లు దీని లక్షణాలు. గంటకు 65 కిలోమీటర్ల వేగాన్ని కూడా అందుకోగలదు. అయినా కురచ పరుగులో జింకే దీనికన్నా చురుకైనది. సలూకీ గెలిచేది దమ్ముతో. జింక అలసిపోయేదాకా కంటితో చూస్తూ వెంటాడుతుంది. వాసన పట్టి వెదికే జాతి కాదిది, చూపుతో వేటాడే జాతి. యెమెన్‌లోని సలూఖ్ అనే ఊరి మీదుగా దీనికా పేరు వచ్చిందని పాత అరబ్బు రచయితలు రాశారు. బద్దూలు దీన్ని మామూలు కుక్కల లెక్కన చూసేవారు కాదు. 'హుర్ర్', అంటే మేలుజాతిది, అని గౌరవంగా పిలుచుకునేవారు. గుడారంలోకి రానిచ్చేవారు. అమ్మడం కన్నా ఆత్మీయులకు కానుకగా ఇచ్చుకోవడమే వారికి ఇష్టం.

ఈ వేటకు ఒక రుతువు ఉండేది. అరేబియాలో ఎండాకాలపు ఇసుక మీద ఏ జంతువూ పరుగెత్తలేదు. ఆగస్టు చివరి వారంలో తెల్లవారుజామున దక్షిణ దిక్కున సుహైల్ నక్షత్రం కనిపించడంతో ఎండలు తిరుగుముఖం పట్టాయని అక్కడివారు లెక్కవేసుకుంటారు. మన రైతులు అగస్త్య నక్షత్రమని పిలిచేది దీన్నే. అప్పటినుంచి డేగలను, కుక్కలను సిద్ధం చేసుకోవడం మొదలవుతుంది. అసలు వేట చలికాలంలో. వానలు పడి పచ్చిక మొలిచి, వలస పక్షులు దిగిన రోజుల్లో.

కుక్కపిల్లకు విద్య మెట్టుమెట్టుగా నేర్పేవారు. తొలుత ఎడారి ఎలుకల వెంట, తరువాత కుందేళ్ల వెంట, ఆపైన పెద్ద కుక్కల తోడుగా జింకల వెంట పరుగు. వేట ప్రదేశం దూరమైతే కుక్క కాళ్లు అరగకుండా దాన్ని ఒంటె మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవారు. పాదాలు గట్టిపడటానికి గోరింటాకు పెట్టేవారు. మన ఆడపిల్లల చేతులకు పండుగనాడు పెట్టే ఆ మెహందీయే సలూకీ పాదాలకు మందు! చాలాసార్లు డేగ, కుక్క కలిసి పనిచేసేవి. డేగ పైనుంచి వేటను చుట్టుముట్టి ఆలస్యం చేస్తే, కుక్క వెనకనుంచి వచ్చి అందుకునేది. దొరికినది గుడారమంతా పంచుకునేవారు. పాలు, ఖర్జూరాలే ప్రధానాహారమైన ఆ బతుకుల్లో ఒక కుందేలు చిక్కిన రోజంటే అది విందు రోజే.

షైజర్ కోటలో ఒక తండ్రి

ఎడారి నుంచి ఉత్తరానికి వెళితే, నేటి సిరియాలో హమా పట్టణానికి వాయవ్యంగా, ఆసీ నది ఒడ్డున షైజర్ అనే కోట ఉంది. పదకొండో శతాబ్దం చివర నుంచి బనూ మున్ఖిజ్ అనే అరబ్బు వంశం దాన్ని ఏలింది. ఆ వంశంలో 1095లో పుట్టినవారే ఉసామా బిన్ మున్ఖిజ్. కవి, యోధుడు, వేటగాడు. 1188లో దమిష్క్‌లో కన్నుమూసే నాటికి ఆయనకు 93 ఏళ్లు. ముదిమిలో తన జ్ఞాపకాలను 'కితాబుల్ ఏతిబార్' అనే పేరుతో రాయించారు. గుణపాఠాల గ్రంథమని దాని భావం. గ్రంథం చివరి భాగమంతా వేట గురించే. అందులో మళ్లీమళ్లీ కనబడే మనిషి ఆయన తండ్రి ముర్షిద్.

ముర్షిద్ చిత్రమైన మనిషి. 1098లో అన్న మరణించినప్పుడు కోట పాలన తనకు దక్కవలసి ఉన్నా కాదని తమ్ముడికి అప్పగించారు. పగలు ఉపవాసం, ఖుర్ఆన్ పారాయణం, వేట. రాత్రిళ్లు తన చేతిరాతతో దివ్యగ్రంథానికి ప్రతులు రాయడం. ఆయన దినచర్య ఇది. అలాగని అవి తీరిక కాలాలు కావు. ఆ ఏడాదే క్రూసేడు సేనలు అంతాకియాను పట్టుకున్నాయి. మరుసటి ఏడాది బైతుల్ మఖ్దిస్ వారి వశమైంది. షైజర్ చుట్టూ పొంచి ఉన్న శత్రువులకు కొదవలేదు. ముర్షిద్ స్వయంగా యుద్ధాల్లో పాల్గొని గాయపడినవారే. అంతటి ఒత్తిడిలోనూ ఆయన వేటకు సమయం తీసి పెట్టుకున్నారు.

షైజర్‌కు రెండు వేటస్థలాలు ఉండేవి. దక్షిణాన కొండ మీద కౌజులు, కుందేళ్లు. పడమట నది పక్క రెల్లు, తుంగ పెరిగిన పల్లపు నేలలో నీటిపక్షులు, కుందేళ్లు, జింకలు. కోటలో డేగలు, చీతాలు, సలూకీలు ఉండేవి. ఆర్మేనియా ప్రభువులు ఏటా డేగలనూ, పొదల్లోంచి పక్షులను లేపే జఘారీ జాతి కుక్కలనూ పంపేవారు. బదులుగా ముర్షిద్ గుర్రాలు, అత్తరులు, ఈజిప్టు వస్త్రాలు పంపేవారు. మతాలు వేరైనా, సరిహద్దులో కత్తులు మోగుతున్నా వేట పేరుతో ఒక స్నేహం సాగింది.

ఉసామా చెప్పిన రెండు సంగతులు మన కుటుంబాలకు ముఖ్యమైనవి. మొదటిది, ఆయన తండ్రి వేటను వేడుకగా కాక ఒక యుద్ధంలా, పెద్ద బాధ్యతలా నడిపేవారట. బారులు తీరి సాగేటప్పుడు పక్కవాడితో కబుర్లు చెప్పడానికి వీల్లేదు. అందరి కళ్లూ నేల మీదే ఉండాలి, కుందేలు జాడ కోసం, పిట్ట గూడు కోసం వెదుకుతూ. రెండవది, కోట గుమ్మం దాటగానే ఆయన కొడుకులను విడివిడిగా నడవమనేవారట. ఆనాటి ఖుర్ఆన్ పారాయణం పూర్తికానివాళ్లు దారిలో పూర్తి చేసుకోవాలి. కొడుకులందరూ హాఫిజ్‌లే. ఎవరి గుర్రం మీద వారు చదువుకుంటూ వేటస్థలం చేరేవారు. అక్కడ వారిని పిలిపించి ఎవరెంత చదివారో అడిగి తెలుసుకున్నాకే డేగలు ఎగిరేవి, కుక్కలు కదిలేవి.

ఆ తండ్రి వేటను, ఆరాధనను, పిల్లల పెంపకాన్ని మూడు పనులుగా చేసుకోలేదు. ఒక్క ప్రయాణంలో మూడింటినీ ఇమిడ్చారు. ముర్షిద్ 1137లో మరణించారు. ఉసామా జంగీ, నూరుద్దీన్ లాంటి మహామహుల సరసన కూడా వేటాడారు. కాని జీవితం ఆయనను పరీక్షించింది. 1154లో ఈజిప్టు నుంచి వస్తున్న ఆయన కుటుంబ నౌకను క్రూసేడర్లు దోచుకున్నారు. నాలుగు వేల గ్రంథాలు పోయాయి. 1157లో భారీ భూకంపం వచ్చి షైజర్ కోట కూలిపోయింది. లోపలున్న బంధువర్గం దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. దమిష్క్‌లో ఉండబట్టి ఉసామా మిగిలారు. కోట లేదు, గ్రంథాలు లేవు, అన్నదమ్ముల పిల్లలు లేరు. తొంభై ఏళ్ల వయసులో ఆయనకు మిగిలింది నాన్నతో వేటకు వెళ్లిన ఉదయాలు. వాటినే ఆయన మనకోసం రాయించి వెళ్లారు.

మత్తులో పడితే

వేటలో పడితే మనిషి ఒళ్లు మరచిపోతాడు. ఇంకొక్క పొద, ఇంకొక్క దిబ్బ అంటూ పొద్దు వాలిపోతుంది. అందుకే వేట వెంటబడినవాడు పరాకులో పడిపోతాడన్న హెచ్చరిక హదీసుల్లో వచ్చింది. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలు దీన్ని నమోదు చేశాయి. వేటే లోకమై నమాజులు, ఇల్లాలు పిల్లలు, నలుగురితో సహవాసం మరచినవాడి గురించే ఈ మాట అని ఉలమాలు వివరించారు. ముర్షిద్ గుమ్మం దాటగానే పారాయణం గుర్తు చేయడంలోని అర్థం ఇప్పుడు మరింత తెలుస్తుంది.

అల్లాహ్ తానుగా వేటకు పెట్టిన సెలవు ఒకటుంది. హజ్, ఉమ్రాల కోసం ఇహ్రాం ధరించిన క్షణం నుంచి నేల మీది వేట నిషిద్ధం. కావాలని చంపితే పరిహారం చెల్లించాలి. చేతికి, బల్లేనికి అందేంత దగ్గరగా వేటజంతువులు వచ్చి పరీక్ష అవుతాయని కూడా సూరా మాయిదాలో ఉంది. ఇక మక్కా హరంలోనైతే ఏ రుతువులోనూ, ఎవరికీ వేట లేదు. చెయ్యి చాపితే అందే జింకను చూస్తూ కూడా చెయ్యి చాపకపోవడమే అక్కడి ఆరాధన. తర్ఫీదు పొందిన కుక్క నుంచి ఏది ఆశించామో, ఇహ్రాంలో మన నుంచి అదే ఆశించడం జరిగింది!

అలాగే ప్రాణమున్న జీవిని గురిపెట్టే ఆటకు లక్ష్యంగా చేసుకోవడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అన్యాయంగా ఒక పిచ్చుకను చంపినా ప్రళయదినాన లెక్క చెప్పుకోవాల్సి ఉంటుందని నసాయీ హదీసు గ్రంథం తెలియజేస్తోంది. తినే అవసరం లేకుండా చంపడం వేట కాదు, హత్య.

జీపు వచ్చాక

సలూకీకి దమ్ము ఎంత ఉన్నా ఒక పూటకు ఒకటో రెండో పరుగులే. ఆ తరువాత అది అలసిపోతుంది. ఎండ ముదిరితే ఆగిపోతుంది. ముసలి జింకో, జబ్బు జింకో దొరికేది, చురుకైనది తప్పించుకునేది. మనిషికి తెలియకుండానే కుక్క ఊపిరి అతని అత్యాశకు కళ్లెమైంది. వేలాది సంవత్సరాలు ఎడారిలో జింకలు, సలూకీలు, మనుషులు కలిసి బతికారంటే కారణం అదే.

ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి మోటారు వాహనాలు, దూరంగా పేలే తుపాకులు ఎడారిలో అడుగుపెట్టాయి. ఇంజనుకు అలసట లేదు, రుతువు లేదు, పగలు రాత్రి తేడా లేదు. ఒక్క తరంలోనే జింకల మందలు పలచబడిపోయాయి. తెల్లని అరేబియా ఒరిక్స్ 1972 నాటికి అడవిలో అంతరించింది. చివరివి ఒమాన్‌లో నేలకొరిగాయి. జంతుప్రదర్శనశాలల్లో కాపాడుకున్న కొన్నింటి సంతతిని 1982లో మళ్లీ అదే నేల మీద వదిలారు. ఎమిరేట్స్ 1983లోనే వేటను కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. ఇప్పుడక్కడ సలూకీలు పండుగ పోటీల్లో, లాగుకెళ్లే బొమ్మ వేట వెంట పరుగులు తీస్తున్నాయి. వేట పోయినా ఆ కుక్కను, దాన్ని పెంచే విద్యను నిలుపుకోవాలన్న తాపత్రయం వారిది.

మన నేల మీద

మన దక్కనుకు కూడా ఈ కథతో చుట్టరికం ఉంది. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పేరుతో పిలిచే వేటకుక్క చూడటానికి సలూకీకి తోబుట్టువులా ఉంటుంది. అరేబియా, మధ్య ఆసియాల నుంచి వచ్చిన వర్తకులు, సైనికుల వెంట వచ్చిన కుక్కలే దీని మూలమని చెబుతారు. కారవాన్ హౌండ్ అనే పేరు రావడానికీ అదే కారణమంటారు. 2005లో మన తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు కూడా విడుదల చేసింది.

కాని మన దేశంలో వేటకు ఇప్పుడు వేళ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి జరిగిన సవరణ వేట తలుపులు మూసేశాయి. చంద్రుని వెన్నెల్లో కుక్కలను వెంటేసుకుని చేలగట్ల మీద కుందేళ్లను తరమడం కొన్ని పల్లెల్లో ఇంకా సరదాగానే చెప్పుకుంటారు. అది చట్టరీత్యా నేరం. కుందేలు హలాల్ జంతువే కదా అన్న వాదన ఇక్కడ చెల్లదు. ఒకటి రెండు తరాలు పోతే మన పిల్లలు కృష్ణజింకను పుస్తకంలోనే చూడవలసి వస్తుందేమోనన్న భయంతో పెట్టుకున్న కట్టడి ఇది. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిమైదానాల్లో ఆ జింకల కోసం, బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేసుకున్నాం. హరంలో చెయ్యి ఆపుకోవడం తెలిసిన సముదాయానికి ఈ కట్టడిని అర్థం చేసుకోవడం కష్టం కారాదు.

మరి వేటలో మనకు మిగిలిందేమిటి? అబ్బాజాన్ పిల్లలను వెంటబెట్టుకుని తెల్లవారుజామున ఊరు దాటి వెళ్లడం మిగిలింది. పంట కోత అయ్యాక, చలి మొదలయ్యాక ఒక ఆదివారం ఫజర్ నమాజు చేసుకుని చెరువుగట్టు మీదికో, గుట్ట మీదికో నడిచి వెళ్లవచ్చు. దారిలో ఎవరికి వచ్చిన సూరా వారు చదువుకోవచ్చు. అక్కడికి చేరాక మాటలు ఆపి, నేల మీద అడుగుల జాడ, పొదలో పిట్ట గూడు వెదకడం నేర్పవచ్చు. దొరికినదాన్ని ముట్టకుండా చూసి వదిలేయడం కూడా నేర్పవచ్చు. ఈ వేటకు ఏ చట్టమూ అడ్డురాదు, ఏ జీవీ ప్రాణం కోల్పోదు.

దుకాణం, ఉద్యోగం, గల్ఫు ప్రయాణాల మధ్య తీరిక ఎక్కడిదని అడగవచ్చు. శత్రు సేనలు గుమ్మం ముందున్న రోజుల్లో షైజర్ కోటలో ఒక తండ్రికి ఆ తీరిక దొరికింది. ఈ ఏడాది సుహైల్ చుక్క మన ఆకాశంలోనూ పొడుస్తుంది. పిల్లలకు దాన్ని చూపించడంతో మొదలుపెడదాం.